బంటు విలువ, ఎత్తు విలువ

చదరంగము నేర్చుకొనుచున్న పిల్లవాడు మొదటి మాసములోనే అడుగు ప్రశ్న యొకటి కలదు: "ఎదుటివారి బంటు ఊరకే దొరకుచున్నది. కొట్టవచ్చునా, కూడదా?" పెద్దలు దీనికి రెండు విధములుగా బదులు చెప్పుదురు. దొరకినదానిని విడువరాదని కొందరందురు. ఊరకే వచ్చినదానిలో మోసముండును, ముట్టవద్దని మరికొందరందురు. ఈ రెండింటిలో ఏదియు పిల్లవానికి అక్కరకు రాదు. మొదటి మాటను నమ్మినవాడు పది పదిహేను ఎత్తులలో ఆటకట్టు చేయించుకొని లేచిపోవును. రెండవ మాటను నమ్మినవాడు ప్రతి బంటును చూచి జంకి, గెలువవలసిన ఆటను చేజార్చుకొనును. నాలుగైదు మారులిట్లు జరిగిన పిమ్మట పావులను డబ్బాలో పోసి అటకమీద పెట్టి, మరల వాటి ముఖము చూడని పిల్లలెందరో కలరు. అందుచేత ఈ ప్రశ్నను కొంచెము నిదానముగా విచారింతము. వీలున్నవారు చదరంగపు బల్లను ముందుంచుకొని చదువవలెనని మనవి.

ముందుగా పేర్ల విషయము. రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుఱ్ఱము, బంటు అను పేర్లను ఇచ్చట వాడుచున్నాను. మన తెలంగాణమున మంత్రిని వజీరనియు, శకటును ఒంటె యనియు పిలుచువారు కలరు. మూలలనుండునది ఏనుగు, రాజునకును మంత్రికిని ఇరుప్రక్కల నుండి ఐమూలగా నడచునది శకటు. ఇట్లనుకొన్నచో చిక్కు లేదు.

పావుల వెల అందరెరిగినదే. బంటు 1, గుఱ్ఱము 3, శకటు 3, ఏనుగు 5, మంత్రి 9. రాజునకు వెల లేదు. రాజు పట్టుబడినచో ఆటయే లేదు. ఇట్లు వెలకట్టుట క్రొత్తది కాదు. పూర్వకాలపు అరబ్బు గ్రంథకర్తలు పావుల విలువను నాణెములలోనే చెప్పిరి: ఏనుగు ఒక దిర్హమైనచో గుఱ్ఱము దిర్హములో మూడింట రెండు వంతులు. చదరంగమును బజారు లెక్కగా చూచుట అంత పాతది. లెక్క తప్పని నేననుట లేదు. అయితే ఆ లెక్క పావు పనిలో నున్నప్పటిది. పెట్టె విప్పని ఏనుగునకు 5 అని వెల వ్రాసికొనుట, మగ్గమునకెక్కని నూలును చీరగా లెక్కించుట వంటిది. సిద్దిపేట గొల్లభామ చీర నేయువారిని అడుగుడు: పడుగు సిద్ధము చేసి, మగ్గమునకెక్కించి, పోగులతికిన పిమ్మటనే నాడె ఆడును. ఆ పనియంతయు చూచువారికి కనబడదు. కాని అది లేనిదే కొంగుపై బొమ్మ లేదు.

చదరంగమున ఆ పనికి మోహరింపు అని పేరు. గుఱ్ఱములను, శకటులను వాటి యిండ్లనుండి వెలికి తీయుట, ఏనుగులకు బాట తెరచుట, రాజును కోటలో చేర్చుట, ఇవియన్నియు మోహరింపే. దీనికి ధర ఎత్తులలో చెల్లింపవలెను. ఇరువురికిని ఒక ఎత్తు తరువాత ఒక ఎత్తు వచ్చుచుండును గాన, ఎత్తులు ఇరువురకు సమానమని మనమనుకొందుము. ఒకడు తన ఎత్తుతో క్రొత్త పావును రణమునకు తెచ్చి, రెండవవాడు వచ్చిన పావునే మరల జరపినచో, రెండవవాని ఎత్తు వృథాయైనది. కావున బల్లమీద చెల్లు నాణెము ఒకటి కాదు, మూడు: పావు, ఎత్తు, రాజరక్ష. ఒకదానినిచ్చి మరొకదానిని కొనవచ్చును. అడుగవలసినదెల్ల, ఈ నిమిషమున మారకపు ధర యెంత అనునదే.

ఈ ధర మన పెద్దలాడిన ఆటలో ఒక రీతిగను, ఇప్పటి ఆటలో ఒక రీతిగను ఉండుట గమనింపదగినది. మన దేశమున పలు ప్రాంతములలో ఆడిన దేశవాళీ చదరంగమున బంటు మొదటిసారియైనను ఒక్క గడియే నడచును. కోట కట్టుట లేదు. రాజునకు షా తగులనంతవరకు ఒక్కమారు గుఱ్ఱపు గంతు వేయు హక్కు మాత్రము కలదు. అట్టి ఆటలో ఇరుసేనలు తారసపడుటకే చాల ఎత్తులు పట్టును. రెండెత్తులు వృథా చేసినను మునిగిపోవునదేమియు లేదు. అంతర్జాతీయ నియమములలో బంటు తొలిసారి రెండు గళ్ళు దూకును. మూడవ ఎత్తుకే కత్తులు కలియును. అచ్చట వృథాయైన ఎత్తు ప్రాణము మీదికి తెచ్చును. పంజాబునుండి ఇంగ్లండు వెళ్ళి 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు విజేతయైన సుల్తాన్ ఖాన్ దేశవాళీ ఆటలో పెరిగినవాడే. ఆట మధ్యమున, అంతమున ఆయనకు సాటి కొద్దిమందియే. ఆయన తడబాటంతయు ఆరంభముననే. సిద్దిపేటలో ఒక యింటి అరుగుపై తాత పాతపద్ధతిని, మనుమడు బడిలో నేర్చిన పద్ధతిని పట్టుకొని ఆడబోయినచో తగవు వచ్చుట సహజము. తాతగారి ఓపికయు మంచిదే, మనుమని తొందరయు మంచిదే. వారు నేర్చిన నియమములే వేరు.

ఇక దృష్టాంతము. 1858లో పారిస్ నగరపు సంగీతనాటకశాలలో, ప్రదర్శనము జరుగుచుండగా, ఒక ప్రత్యేకాసనపు గదిలో ఆడిన ఆట ఇది. ఒక ప్రక్క అమెరికా దేశీయుడు పాల్ మార్ఫీ, వయస్సు 21. ఎదుట బ్రన్స్విక్ ప్రభువును, ఐసోవార్డ్ అను కౌంటును, ఇద్దరును కలిసి ఆలోచించి ఆడిరి. తెల్లపావులు మార్ఫీవి. తెల్లపక్షపు ఎడమచేతి వైపునుండి నిలువు వరుసలను ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అనియు, తెల్లపక్షము నుండి అడ్డు వరుసలను 1 మొదలు 8 వరకును లెక్కించుకొనుడు.

మార్ఫీ బంటు ఇ4కు, నల్లబంటు ఇ5కు వచ్చినవి. రెండవ ఎత్తున తెల్లగుఱ్ఱము ఎఫ్3కు వచ్చి ఇ5 బంటును బెదరించెను. నల్లపక్షము డి6 బంటుతో దానిని కాపాడెను. మూడవ ఎత్తున తెల్లబంటు డి4కు రాగా, నల్లశకటు జి4కు వచ్చి గుఱ్ఱమును మంత్రి ముందర కట్టివేసెను. మార్ఫీ డి4 బంటుతో ఇ5 బంటును కొట్టెను. దానిని వెంటనే తిరిగి కొట్టినచో మంత్రులు మారి నల్లపక్షమునకు ఒక బంటు నష్టమగును. అందుచే వారు శకటుతో గుఱ్ఱమును కొట్టిరి. తెల్లమంత్రి ఎఫ్3లో ఆ శకటును కొట్టెను. అప్పుడు డి6 బంటు ఇ5లోని బంటును కొట్టెను. పావుల లెక్క సరిసమానము. అయితే బల్లను చూడుడు. మార్ఫీ మంత్రి బయట నున్నది. నల్లపక్షమున బయటికి వచ్చిన ఒకే పావు ఆ శకటు. అది రెండెత్తులు తిని చచ్చినది. ప్రభువుగారి లెక్కలో నష్టమేమియు లేదు. నష్టము అప్పటికే జరిగినది.

ఆరవ ఎత్తున మార్ఫీ శకటు సి4కు వచ్చెను. ఎఫ్7లో మంత్రితో ఆటకట్టు చేయుదునని బెదరింపు. నల్లగుఱ్ఱము ఎఫ్6కు వచ్చి అడ్డుపడెను. ఏడవ ఎత్తున తెల్లమంత్రి బి3కి జరిగెను. ఇప్పుడు ఎఫ్7 బంటు, బి7 బంటు రెండును గురిలో నున్నవి. నల్లమంత్రి ఇ7కు వచ్చి ఎఫ్7ను కాపాడెను. కాని ఆ మంత్రి తన శకటునకే తలుపు మూసెను. బి7 బంటు దిక్కులేక నిలిచినది.

మన పిల్లవాని ప్రశ్న ఇచ్చట వచ్చినది. కొట్టవచ్చునా, కూడదా? కొట్టినచో ఏమగునో చూతము. తెల్లమంత్రి బి7 బంటును కొట్టినచో నల్లమంత్రి బి4కు వచ్చి షా చెప్పును. మంత్రులు మారక తప్పదు. తెల్లమంత్రి నల్లమంత్రిని బి4లో కొట్టగా, నల్లశకటు ఆ మంత్రిని కొట్టి మరల షా చెప్పును. మార్ఫీకి ఒక బంటు లాభము. నల్లపక్షమునకు లోపల మూసుకొనియున్న శకటు ఒక్క ఎత్తులో బయటికి వచ్చెను. భయపెట్టుచున్న మంత్రి పోయెను. రాజు కోట లేకయే ఊపిరి పీల్చుకొనెను. ఆ బంటుతో మార్ఫీ నెమ్మదిగా గెలువలేకపోయెడివాడు కాదు. ఆ మార్గమును మెచ్చిన విమర్శకులు కలరు, నేను వారిని తప్పు పట్టను. కాని ఒక బంటు కొరకు తన మోహరింపులోని ఆధిక్యమునంతటిని అమ్ముకొనుట మార్ఫీకి ఇష్టము కాలేదు. ఎనిమిదవ ఎత్తున ఆయన రెండవ గుఱ్ఱమును సి3కి తెచ్చెను. అంతే. బంటు అక్కడనే యున్నది.

నల్లపక్షము సి6 బంటుతో బి7కు మంత్రి అండ కల్పించెను. మార్ఫీ శకటు జి5కు వచ్చి ఎఫ్6 గుఱ్ఱమును కట్టివేసెను. అప్పుడు నల్లపక్షము బి5 బంటుతో సి4 శకటును తరుమబోయెను. ఇంటిలో నాలుగు పావులు నిద్రించుచుండగా బంటులతో తరుముట! మార్ఫీ వెనుకకు పోలేదు. గుఱ్ఱముతో బి5 బంటును కొట్టెను. సి6 బంటు గుఱ్ఱమును కొట్టెను. శకటు ఆ బంటును కొట్టి షా చెప్పెను. మూడు విలువగల గుఱ్ఱమునిచ్చి రెండు బంటులు తీసికొనెను. లెక్కలో ఒకటి నష్టము. దానికి బదులుగా నల్లరాజు చుట్టునున్న గోడ కూలెను. రెండవ నల్లగుఱ్ఱము డి7లో అడ్డుపడెను.

పండ్రెండవ ఎత్తున మార్ఫీ మంత్రివైపు కోట కట్టెను. ఈ ఎత్తును కొంచెము ఆగి చూడవలెను. ఒక్క ఎత్తుతో రాజు మధ్యనుండి తొలగెను, ఏనుగు డి వరుసలో నిలిచి డి7 గుఱ్ఱముపై గురిపెట్టెను. చదరంగమున ఇంత చౌకబేరము మరొకటి లేదు. అయినను క్రొత్తవారు దీనిని రేపటికి, ఎల్లుండికి వాయిదా వేయుచునే యుందురు. నల్లపక్షపు ఏనుగు డి8కి వచ్చి కాపుండెను. మార్ఫీ ఏనుగుతో డి7 గుఱ్ఱమును కొట్టెను. నల్లఏనుగు దానిని కొట్టెను. వెంటనే హెచ్1లోని రెండవ ఏనుగు డి1కి వచ్చెను. మార్ఫీ పావులలో ఇప్పుడు పనిలేనిది ఒకటియు లేదు. నల్లమంత్రి ఇ6కు జరిగి, మంత్రులను మార్చుకొందమని పిలిచెను. మార్ఫీ శకటు డి7 ఏనుగును కొట్టి షా చెప్పగా, ఎఫ్6 గుఱ్ఱము ఆ శకటును కొట్టెను. అప్పుడు పదునారవ ఎత్తున మార్ఫీ తన మంత్రిని బి8లో పెట్టి షా చెప్పెను. గుఱ్ఱము మంత్రిని కొట్టక తప్పదు. కొట్టెను. ఏనుగు డి8కి వచ్చెను. ఆటకట్టు.

ఇప్పుడు బజారు లెక్క వేయుడు. మార్ఫీకి మిగిలినవి ఏనుగు, శకటు, ఏడు బంటులు: మొత్తము 15. నల్లపక్షమునకు మంత్రి, ఏనుగు, శకటు, గుఱ్ఱము, అయిదు బంటులు: మొత్తము 25. పది ఎక్కువగా ఉన్నవాడు ఓడెను. ఆ ఇరువదియైదులో హెచ్8 ఏనుగును, ఎఫ్8 శకటును ఆట మొదలైనప్పటి నుండి ముగియువరకు కదలనే లేదు. ఎనిమిది విలువ ఇంట్లో తాళము వేసికొని కూర్చున్నది.

బాటలు తెరచియున్న ఆటలో మూడెత్తులు ఒక బంటునకు సమానమని ఆటగాండ్ర నడుమ వాడుకలో నున్న మోటులెక్క. ఇది త్రాసు కాదు, చేతితూకము మాత్రమే. మధ్య వరుసలు తెరచి, ఎదుటిరాజు కోట కట్టక నిలిచియున్నచో రెండెత్తులకే బంటునివ్వవచ్చును. మధ్యనున్న బంటులు ఒకదానికొకటి తగిలి బాటలన్నియు మూసికొన్నచో అయిదెత్తుల ఆధిక్యము కూడ బంటుకు సరితూగదు. ఎత్తులున్నను పోవుటకు దారి లేదు గదా. మంత్రులు మారిపోయినచో రాజభయము చాలమట్టుకు తగ్గును, బంటు ధర పెరుగును. కావున బంటును ముట్టుటకు ముందు పిల్లవాడు చూడవలసినది బంటును కాదు: తన రాజెచ్చటనున్నాడు, ఆ బంటును కొట్టి మరల ఇంటికి వచ్చుటకు తన పావునకు ఎన్ని ఎత్తులు పట్టును, ఆలోపల ఎదుటివాడు ఎన్ని పావులను తెచ్చును.

మహామహులకును ఈ లెక్క తేలిక కాదు. బి2లోని బంటును నల్లమంత్రి కొట్టు ఒక పద్ధతికి విషపు బంటు అనియే పేరు వచ్చినది. 1972లో ఐస్‌లాండు రాజధాని రేక్యవిక్‌లో జరిగిన ప్రపంచ విజేతృత్వపు పోటీలో బాబీ ఫిషర్ ఏడవ ఆటలో ఆ బంటును కొట్టెను, ఆట సమమైనది. పదకొండవ ఆటలో మరల కొట్టెను. పదునాలుగవ ఎత్తున బోరిస్ స్పాస్కీ తన గుఱ్ఱమును వెనుకకు, అది పుట్టిన బి1 గడికే త్రిప్పెను. చూచువారికి మోహరింపును చెరుపుకొనుట వలె నుండెను. కాని ఆ ఎత్తు నల్లమంత్రికి తిరిగి వచ్చు దారులను ఇరుకు చేసెను. మంత్రి చిక్కుపడెను, ఫిషర్ ఓడెను. పోటీని మాత్రము ఆయనయే 12½–8½ తో గెలిచెను. ఆ బంటును కొట్టవచ్చుననువారు నేటికిని కలరు. వారు కోరికచేత కొట్టువారు కారు, తిరిగి వచ్చు దారిని ముందే చూచుకొని కొట్టువారు.

మార్ఫీ ఆట చదివి, బంటులన్నియు పారవేసి రాజుమీదికి దూకుటయే శౌర్యమనుకొనువారికి మరొకమాట. 1886లో తొలి ప్రపంచ విజేతయైన విల్‌హెల్మ్ స్టైనిట్జ్ ఆ మోజునకు గట్టి విరుగుడు చెప్పెను. ఎదుటివాడు అర్పించినదానిని స్వీకరించుము, ఓర్చి నిలువుము. ఆధిక్యము లేని దాడి తనంత తానే చల్లారునని ఆయన మతము. ఆయన తరువాత 1894 నుండి 1921 వరకు విజేతయైన ఇమాన్యుయల్ లాస్కర్ మరింత లౌక్యము చూపెను. ఇవాన్స్ అను నావికుడు కనిపెట్టిన ఎర యొకటి కలదు; తెల్లపక్షము బి4లో బంటునిచ్చి, ఎత్తులు సంపాదించును. లాస్కర్ ఆ బంటును తీసికొనెను. దానిని దాచుకొనుటకు పెనుగులాడక, అదను చూచి తిరిగి ఇచ్చివేసెను. ఇచ్చి తన మోహరింపును ముగించుకొనెను. తీసికొన్న బంటు తిరిగి ఇచ్చుటకును పనికివచ్చునని తెలిసినవానికి సగము భయము పోవును. మన పిల్లలకు చెప్పవలసిన మాటలలో ఇది ముఖ్యమని నా అభిప్రాయము. కొట్టుట వారికెవ్వరును నేర్పనక్కరలేదు, ఇచ్చివేయుటయే నేర్పవలెను.

యంత్రములును ఈ త్రోవకే వచ్చినవి. 2017లో ఆల్ఫాజీరో అను గణనయంత్రపు కార్యక్రమమునకు నియమములు మాత్రమే చెప్పిరి. బంటు 1, గుఱ్ఱము 3 అని ఎవరును చెప్పలేదు. తనతో తానే ఆడి నేర్చుకొని, అది స్టాక్‌ఫిష్ అను ప్రసిద్ధ కార్యక్రమముతో 100 ఆటలాడి, 28 గెలిచి, 72 సమము చేసి, ఒక్కటియు ఓడలేదు. ఆ ఆటలలో అది పావుల చలనము కొరకు, ఎదుటిరాజును ఇరుకున పెట్టుట కొరకు బంటులను ధారాళముగా విడిచిపెట్టుట చూచి పండితులు ఆశ్చర్యపడిరి.

అయితే బంటు ఒక్కటియే రాజ్యమును నిర్ణయించు వేళయు కలదు. 2024 డిసెంబరు 12న సింగపూరులో ప్రపంచ విజేతృత్వపు పదునాలుగవ ఆట. మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబములో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ నల్లపావులతో, చైనాకు చెందిన డింగ్ లిరెన్ తెల్లపావులతో ఆడిరి. అప్పటికి చెరి ఆరున్నర. మంత్రులు ఎప్పుడో పోయినవి. ఇరువురకును ఒక్కొక్క ఏనుగు, ఒక్కొక్క శకటు; గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. ఓర్పుతో నిలిచినచో సమము కాదగిన ఆట. ఏబదియైదవ ఎత్తున డింగ్ ఏనుగును ఎఫ్2కు తెచ్చి, ఏనుగులను మార్చుకొందమనెను. ఆయన శకటు మూలనున్న ఏ8 గడిలో నున్నది. ఏనుగులు మారగానే గుకేశ్ శకటు డి5కు వచ్చెను; శకటులును మారక తప్పలేదు. మిగిలినవి రాజులు, బంటులు. అప్పుడు రాజునకు భయమే లేదు. కోట విడిచి తానే బంటువలె ముందునడచును. ఆ ఒక్క బంటు ఆటను, 7½–6½ లెక్కతో పోటీని నిర్ణయించెను. గుకేశ్ వయస్సు అప్పటికి 18. మార్ఫీ ఎనిమిదవ ఎత్తున ముట్టని బంటు వెల ఇచ్చట సింహాసనమైనది.

తెలుగువారిలో ఈ లెక్క ఎరిగినవారికి కొదువ లేదు. గుంటూరున పుట్టిన పెంటేల హరికృష్ణ 2001లోను, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లోను, ద్రోణవల్లి హారిక 2011లోను, మన పొరుగున వరంగల్లునకు చెందిన ఎరిగైసి అర్జున్ 2018లోను గ్రాండ్‌మాస్టరు బిరుదును పొందిరి. హంపి 2019లోను, 2024లోను మహిళల ప్రపంచ రాపిడ్ విజేత. గడియారము తరుముచుండు ఆ పోటీలో కాగితముపై లెక్క వేయుటకు వ్యవధి లేదు. బల్లను చూడగానే ఏది ఖరీదో తోచవలెను.

ఆ తోపు సాధనమువలన వచ్చును. ఇంటిలో పిల్లలున్నవారు పై ఆటను ఏడవ ఎత్తు ముగిసినంతవరకు, అనగా నల్లమంత్రి ఇ7కు వచ్చిన స్థితి వరకు బల్లపై నిలుపుడు. పిల్లవానికి తెల్లపావులనిచ్చి, ఒకనాడు బి7 బంటును కొట్టించి ఆటను కడదాక ఆడుడు. మరునాడు అదే స్థితినుండి గుఱ్ఱమును సి3కి తెప్పించి ఆడుడు. నల్లపక్షమున మీరు కూర్చుండి, మార్ఫీ ప్రతిపక్షుల ఎత్తులనే ఆడక, మీకు తోచిన మంచి ఎత్తులాడుడు. మూడవనాడు పావుల ప్రక్కలు మార్చుకొనుడు.